నేను చదవని నాలుగో మాట

హన్మకొండలో మా ఆఫీసు ఒక స్టీలు సామాన్ల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంది. ఆఫీసు అనడం కూడా ఎక్కువే. ఒక గది, గోడకు రెండు పెద్ద తెరలు, నాలుగు కుర్చీలు. నేను చేరిన కొత్తలో ఆ నాలుగు కుర్చీల్లోనూ మనుషులుండేవారు. తరువాత ఒకరి వెనక ఒకరు హైదరాబాదు ఆఫీసుకు మారిపోయారు. నన్నూ రమ్మన్నారు, నేను పోలేదు. పోకపోవడానికి చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. పెళ్లయిన మూడేళ్లకే విడిపోయి వచ్చినదాన్ని. వరంగల్ బజారులో మా అన్నకు బట్టల దుకాణం ఉంది. ఆదివారం పూట వాళ్లింటికి వెళ్లి భోజనం చేసి వస్తాను. మిగతా రోజులు రెండు గదుల అద్దె వాటాలో ఒక్కదాన్నే. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉండటం కంటే తెలిసిన ఊళ్లో ఒంటరిగా ఉండటం నయమనిపించింది, అంతే.

మా కంపెనీ చుట్టుపక్కల మండలాల్లోని ఆఫీసులకు, బడులకు ఇంటర్నెట్ లైన్లు నడుపుతుంది. ఒక్కో మండల కేంద్రంలో ఒక చిన్న ఇనుప క్యాబిన్ ఉంటుంది. అందులో యంత్రాలు, బ్యాటరీలు, ఒక ఏసీ. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే చిన్న పెట్టె ఒకటి గోడకు బిగించి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే మేము అడగకుండానే అది మాకు కబురు పంపుతుంది. ఆ కబురును ట్రాప్ అంటారు. మా అన్నకు ఒకసారి ఈ మాట చెబితే, ట్రాప్ అంటే ఎలుకల బోను కదా, మీరెవరిని పడతారని నవ్వాడు.

ఆ కబురులో వాక్యాలుండవు. వేరియబుల్స్ అని కొన్ని విలువలు వరసగా ఉంటాయి. మా పెట్టెలు నాలుగు పంపేవి. మొదటిది ఏ ఊరి క్యాబినో చెప్పే కోడు. రెండోది పెట్టెకు తగిలించిన తీగల్లో ఎన్నో నంబరు తీగ నుంచి వచ్చిందో చెప్పే అంకె. మూడోది ఆ తీగ దగ్గర అంతా మామూలుగా ఉందా, తేడా ఉందా అన్నది. నాలుగోది ఆ తీగకు దాన్ని బిగించినవాళ్లు పెట్టిన పేరు, మాటల్లో. ఈ నాలుగింటిలో ఏది చూసి ఏం చేయాలో సాఫ్ట్‌వేరుకు నియమాలుగా రాసి పెట్టడం నా పని. మా క్యాబిన్లన్నిటిలోనూ ఒకటో తీగ కరెంటుది, రెండోది తలుపుది, మూడోది వేడిది. అందుకని నేను అంకెను పట్టుకున్నాను. రెండు అని వస్తే తెర మీద తలుపు తెరిచారని పడుతుంది, మూడు అని వస్తే వేడి పెరిగిందని పడుతుంది.

నాలుగో విలువను నేను నమ్మలేదు. పరకాలలో డోర్ అని ఉండేది. ఇంకోచోట డీఆర్ అని రెండు అక్షరాలే. మరిపెడలో ఎవరో ఇంగ్లీషు అక్షరాలతో తలుపు అని రాశారు. ఎవరికి తోచింది వాళ్లు రాసిన మాట కంటే అంకె మేలనుకున్నాను. ఆ నాలుగో విలువ తెర మీదికి రాకుండా వదిలేశాను. ఆ రోజు అది చాలా శుభ్రమైన పని అనిపించింది. చూసి మెచ్చుకోవడానికి గదిలో ఎవరూ లేరు.

చెప్పకుండా ఎవరైనా క్యాబిన్ తలుపు తెరిస్తే, అక్కడి కాపలా మనిషికి ఫోన్ చేసి కనుక్కోవాలన్నది మా దగ్గరి పద్ధతి. ఏటూరునాగారం క్యాబిన్‌కు ఒక పెద్దాయన కాపలా ఉండేవాడు. వయసు అరవై దగ్గర. అంతకుముందు ఏళ్ల తరబడి బీడీలు చుట్టే తునికాకు కల్లాల దగ్గర కాపలా పని చేశాడట. భార్య పోయింది, ఒక్కతే కూతురిని మరిపెడకు ఇచ్చాడు. ఇవన్నీ నాకు ఒక్కసారిగా తెలియలేదు. మొదట్లో నేను తలుపెందుకు తీశారని అడిగేదాన్ని, ఆయన ఊడుస్తున్నాను మేడం అనేవాడు, ఫోన్ పెట్టేసేదాన్ని. కొన్నాళ్లకు మేడం పోయి బిడ్డా అయింది. నేనూ కాకా అనడం మొదలుపెట్టాను.

పొద్దున పదకొండుకొకసారి, సాయంత్రం నాలుగుకొకసారి ఆ తలుపు తెరుచుకునేది. నేను ఫోన్ చేసేదాన్ని. తలుపు గురించి ఒక్క మాట, తరువాత మిగతావి. కోతులు క్యాబిన్ మీదికెక్కి ఏసీ పైపు లాగుతున్నాయని చెప్పేవాడు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని అడవిలోకి పోతారని చెప్పేవాడు. గోదావరి మీద నుంచి మంచు వచ్చి రోడ్డు కనపడటం లేదనేవాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట.

"తిన్నవా బిడ్డా?"

తిన్నానని చెప్పేదాన్ని. ఒక్కోసారి తినకపోయినా చెప్పి, ఫోన్ పెట్టేశాక డబ్బా తెరిచేదాన్ని. ఆఫీసులో ఆ రోజుకు నేను మాట్లాడిన మనిషి ఆయనొక్కడే అయిన రోజులు చాలా ఉన్నాయి. అప్పట్లో దాన్ని అలా లెక్కపెట్టుకోలేదు.

ఆ చలికాలం చివర హైదరాబాదు నుంచి మా పై అధికారి ఫోన్ చేశాడు. వరంగల్ వైపు నుంచి తలుపు అలారాలు మరీ ఎక్కువొస్తున్నాయని, అందులోనూ సగం ఒక్క ఏటూరునాగారానివేనని, వాటిని తగ్గించమని చెప్పాడు. మాటలో కోపం లేదు. నెల చివర పై వాళ్లకు చూపించే జాబితాలో ఆ ఊరి పేరు బాగా కనిపిస్తోందట, అంతే ఆయన బాధ. కాకాకు ఫోన్ చేసి తలుపు తక్కువగా తెరవమని చెప్పి ఉండాల్సింది. చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని నేను ఇంకో దారి చూసుకున్నాను. ఏటూరునాగారం కోడుతో, రెండో తీగ నుంచి వచ్చే కబుర్లన్నీ తెర మీదికి రాకుండా పక్కన పడేయమని ఒక్క వరస నియమం రాశాను. రెండు నిమిషాల పని.

మర్నాడు పదకొండు దాటింది, తెర మీద ఏమీ పడలేదు. నాలుగు దాటింది. ఫోన్ చేయడానికి నా దగ్గర కారణం లేదు. ఊరికే ఫోన్ చేసి ఎలా ఉన్నావు కాకా అని అడగొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. నాకది చేతకాలేదు. పని పేరు మీద ఎంతసేపైనా మాట్లాడగలను. పని లేకుండా పిలవడానికి ఏదో బిడియం. అలా నెల గడిచింది.

ఎండలు మొదలయ్యాక ఒక గాలివాన వచ్చి, పిడుగుపాటుకు ఏటూరునాగారం పెట్టె కాలిపోయింది. ఒక టెక్నీషియన్ వెళ్లి కొత్తది బిగించి వచ్చాడు. తెర మీద ఆ ఊరు మళ్లీ ఆకుపచ్చగా మారింది, నేను పని అయిందని రాసుకున్నాను. తీగలు ఏ వరసలో తగిలించాడో అడగలేదు. అన్ని ఊళ్లలోనూ ఒకటే వరస కదా.

ఆ మర్నాటి నుంచి విచిత్రం మొదలైంది. పొద్దున పదకొండు గంటలకు తెర మీద ఏటూరునాగారంలో వేడి పెరిగిందని పడింది. నాకు కంగారుతో పాటు, దాచుకోవడమెందుకు, కొంచెం సంతోషం కూడా కలిగింది. వెంటనే ఫోన్ చేశాను. ఆయన గొంతులో నా కంటే ఎక్కువ సంతోషం వినిపించింది. లోపల వేడిగా ఉందా కాకా అని అడిగాను.

"లేదు బిడ్డా, సల్లగనే ఉన్నది. ఇప్పుడే తలుపు తీసి చూస్తాన."

చూస్తుండగానే అలారం పోయింది. సాయంత్రం నాలుగుకు మళ్లీ అదే. తలుపు తీశావా కాకా అంటే తీశానన్నాడు. మూడు రోజులు ఇలా జరిగాక నాకొక సమాధానం దొరికింది. ఆయన తలుపు తీసినప్పుడు బయటి ఎండ గాలి లోపలికి తగిలి, వేడిని చూసే పరికరం ఉలిక్కిపడుతోంది. కొత్త పరికరం కదా, చురుగ్గా ఉంది. ఆ సమాధానం ఎంత బాగా అతికిందంటే, దాన్ని విప్పి చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. పావుగంట కంటే తక్కువసేపు ఉండే వేడి అలారాలను చూపొద్దని ఇంకో వరస రాశాను. మళ్లీ ఫోన్ చేయడం ఆగిపోయింది.

జరిగిందేమిటంటే, కొత్త పెట్టెలో రెండు తీగలు తారుమారయ్యాయి. తలుపు తీగ మూడో చోటికి, వేడి తీగ రెండో చోటికి వెళ్లాయి. నాకు వేడి పెరిగిందని కనిపించినదంతా తలుపు తెరుచుకోవడమే. నిజంగా వేడి పెరిగితే ఆ కబురు రెండో తీగ నంబరుతో వస్తుంది. ఆ ఊరి నుంచి రెండో తీగ నంబరుతో వచ్చేవన్నీ పక్కన పడేయమని చలికాలంలోనే రాసిపెట్టాను.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం, రెండున్నర ప్రాంతంలో, ఏటూరునాగారం నుంచి వెళ్లే మూడు లైన్లు ఒకేసారి తెగిపోయాయి. తెర ఎర్రబడింది. కరెంటు ఉంది, వేడి అలారం లేదు, తలుపు మూసే ఉంది. నాకు కనిపిస్తున్నది అది. ఏదో యంత్రం ఆగిపోయి ఉంటుందనుకుని కాకాకు ఫోన్ చేశాను. ఆయన ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాడు. ఒకసారి లోపలికి వెళ్లి, కింద వరసలో ఉన్న పెద్ద స్విచ్ వేసే ఉందో లేదో చూసి చెప్పమన్నాను.

"ఇప్పుడే పోతాన బిడ్డా. ఫోన్ పెట్టకు."

నడుస్తున్న చప్పుడు వినిపించింది. తాళం తీసిన చప్పుడు. తరువాత ఆయన దగ్గాడు. పొగ, అన్నాడు. బయటికి రా కాకా అని అరిచాను. ఆయన వినలేదో, స్విచ్ ఆపితే సరిపోతుందనుకున్నాడో తెలియదు. దగ్గు రెండు మూడు సార్లు వినిపించి ఫోన్ కింద పడింది. ఆ తరువాత చాలాసేపు ఎవరివో అరుపులు, పరుగులు. చివరికి టీ కొట్టతను ఫోన్ తీసి, పెద్దమనిషిని బయటికి లాగామని, చెయ్యి కాలిందని, స్పృహ లేదని, బండి కోసం చూస్తున్నామని చెప్పాడు. ఎవరు మాట్లాడుతున్నారని అడిగాడు. నేను చెప్పేలోపే పెట్టేశాడు.

గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. కింద దుకాణంలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. హైదరాబాదుకు ఫోన్ చేసి చెప్పాను, టెక్నీషియన్‌ను పంపించాను. చేయాల్సినవన్నీ అయిపోయాక, పక్కన పడేసిన కబుర్లు ఉండే చోటు తెరిచాను. సాఫ్ట్‌వేరు దేన్నీ పూర్తిగా పారేయదు. తెర మీద చూపించనివన్నీ ఒక మూలన దాచిపెడుతుంది.

పన్నెండు నలభైకి మొదటిది. ఏటూరునాగారం కోడు, రెండో తీగ, తేడా ఉంది. నాలుగో విలువ దగ్గర ఇంగ్లీషులో స్పష్టంగా, అక్షరం తప్పు లేకుండా, హై టెంపరేచర్ అని ఉంది. ఐదు నిమిషాలకు మళ్లీ అదే. మళ్లీ అదే. దాదాపు రెండు గంటల పాటు ఆ పెట్టె అదే మాట పంపుతూనే ఉంది. ఆ టెక్నీషియన్ తీగల వరస తప్పినా పేర్లు మాత్రం సరిగ్గా రాశాడు. ఏసీ ఆగిపోయి, లోపలి వేడికి బ్యాటరీలు ఉబ్బి, కరగడం మొదలైంది. ముందే తెలిసి ఉంటే నేను ఇక్కడి నుంచే కరెంటు ఆపించేదాన్ని, టెక్నీషియన్ వచ్చేదాకా తలుపు ముట్టుకోవద్దని చెప్పేదాన్ని. చెప్పకపోగా నేనే లోపలికి పంపాను.

ఆయన్ని వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. రెండో రోజు లోపలికి వెళ్లనిచ్చారు. అంతవరకు ఆయన ముఖం నేను చూడలేదు. గొంతును బట్టి పొడుగ్గా ఉంటాడనుకున్నాను. మంచం మీద ఉన్నది చిన్న మనిషి. తెల్లని జుట్టు, కుడి చేతికి మోచేయి దాకా కట్టు. మరిపెడ నుంచి వచ్చిన కూతురు పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. నేనెవరో చెబితే లేచి స్టూలు నాకిచ్చింది. ఆయన కళ్లు తెరిచి చూశాడు, పోల్చుకోలేదు. నేను మాట్లాడాక గొంతు గుర్తుపట్టాడు.

పరామర్శ మాటలతో గడిపేసి లేచి రావచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది. కానీ ఇంటికి వెళ్లాక దాన్ని మోయలేనని తెలుసు.

"కాకా, తప్పు నాది. వేడి ఎక్కిందని ఆ డబ్బ రెండు గంటల నుంచి చెప్తనే ఉన్నది. నీ తలుపు ముచ్చట కనబడకుంట బందు పెట్టబోయి, ఆ మాట కూడ నేనే బందు పెట్టిన. అది చూస్తే నిన్ను లోపలికి పొమ్మనకపోదును."

కూతురి చేతిలో బత్తాయి ఆగింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ అడిగాడు. గొంతు బొంగురుపోయింది, మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"తలుపు తీస్తే నీకు తెల్వకపోయేదా, గన్ని దినాలు?"

"తెల్వకపోయేది కాకా."

"గదే అనుకున్న. రోజుకు నాలుగుసార్లు తీసి మూసి చూసిన. ఫోన్ రాలే. నీ జాగల ఎవలో వేరేటోళ్లు వచ్చిన్రేమో అనుకున్న."

ఎందుకలా తీసి మూసి చూశావని అడిగాను. నాకు నిజంగా అర్థం కాలేదు.

"ఏమున్నది బిడ్డా. తలుపు తీస్తే నువ్వు ఫోన్ చేస్తవు గదా."

కూతురు తండ్రి వైపు చూసి, తల వంచుకుంది. ఆయన నన్ను క్షమించానని అనలేదు. కోపం కూడా చూపలేదు. మామూలు విషయం చెబుతున్నట్టుగా, "నువ్వు పొమ్మన్నవ్, పోయిన. వద్దంటే ఆగేటోన్ని" అన్నాడు. నిజమే. ఆ మాటను నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తుంటాను. ఎటు తిప్పినా అది అలాగే ఉంటుంది.

జరిగినదాని మీద రిపోర్టు రాయమన్నారు. తీగలు తప్పుగా బిగించిన టెక్నీషియన్ గురించి, చెప్పకుండా మాటిమాటికీ తలుపు తెరిచిన కాపలా మనిషి గురించి రాస్తే సరిపోతుందని మా పై అధికారి ఫోన్‌లో నెమ్మదిగా సూచించాడు. నా మేలు కోరే చెప్పాడని నాకు తెలుసు. తీగల సంగతి రాశాను. దానితో పాటు నేను రాసిన రెండు వరసలూ ఉన్నవి ఉన్నట్టుగా దించి, నాలుగో విలువను చూడకుండా వదిలేసింది నేనేనని కింద రాశాను. హెచ్చరిక ఉత్తరం ఒకటి వచ్చింది. ఉద్యోగం పోలేదు. అన్ని క్యాబిన్ల నియమాలూ రెండు వారాల్లో మళ్లీ రాయమన్నారు.

ఈసారి ఒక్క తీగ నంబరునే పట్టుకోలేదు. తీగ నంబరుతో పాటు దాని పేరునూ చూడమన్నాను, రెండూ కలవకపోతే ఆ కబురును ఎర్రగా చూపించమన్నాను. తెలియని మాట ఏది వచ్చినా దాచకుండా, వచ్చింది వచ్చినట్టే తెర మీద వేయమన్నాను. ఒక్కో ఊరికీ ఫోన్ చేసి, తలుపు తీయించి, కరెంటు ఆపించి, ఏ మాట వస్తుందో నా కళ్లతో చూశాను. పరకాల కాపలా మనిషి ఎండలో ఎన్నిసార్లు తియ్యాలని విసుక్కున్నాడు. మరిపెడ అతను తలుపు అన్న పేరు రాసింది తన తమ్ముడేనని చెప్పి నవ్వాడు. ఆ రెండు వారాల్లో నేను మాట్లాడినన్ని మాటలు ఆ ముందు ఏడాదిలో మాట్లాడి ఉండను. పని అయిపోయింది, ఎవరికీ ఫోన్ చేయాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఏటూరునాగారానికి మాత్రం బస్సులో నేనే వెళ్లాను. కొత్త క్యాబిన్, కొత్త రంగు వాసన. టెక్నీషియన్ ఒక్కో తీగనూ కదిలిస్తుంటే, హైదరాబాదులో ఒకామె నాలుగో విలువను ఫోన్‌లో పైకి చదివి వినిపించింది. అన్నీ సరిపోయాయి. ఎదురుగా టీ కొట్టు ఉంది. లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది నేనేనని కొట్టతనికి చెప్పాలనుకుని, చెప్పకుండానే టీ తాగి వచ్చేశాను. ఆ క్యాబిన్‌కు ఇప్పుడు కాపలా మనిషి లేడు. కెమెరా పెట్టారు.

కాకా ఆసుపత్రి నుంచి మరిపెడలో కూతురి ఇంటికి వెళ్లాడు. చెయ్యి మానింది, ఊపిరి మాత్రం మునుపటిలా లేదట. మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. వెనక నుంచి పిల్లల గోల, మిక్సీ చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపించేది. ఆయన మధ్యలో ఫోన్ పక్కకు తీసి వాళ్లతో మాట్లాడేవాడు. నాకు చెప్పడానికి ఆయన దగ్గర విషయాలు తగ్గాయి. అది మంచిదే. ఇంటి నిండా మనుషులున్న వాళ్లకు అలాగే ఉంటుంది. ఫోన్లు నెలకొకటయ్యాయి.

కిందటిసారి చేసినప్పుడు మనవరాలు ఎత్తింది. పదేళ్లుంటాయేమో, గొంతు గట్టిగా ఉంది. తాత పడుకున్నాడని, లేపనా అని అడిగింది. వద్దన్నాను. లేచినంక చెప్తానని, కాగితం మీద రాసుకునేదానిలా కొంచెం ఆగి, "మీరు తాతకు ఏమైతరు?" అని అడిగింది.

నేను ఆలోచించాను. ఆ పాప ఓపికగా లైన్ మీదే ఉంది.

"ఆఫీసు నుంచి అని చెప్పమ్మా," అన్నాను.